కొట్టంలో దోసెల పెనం

పోయిన వేసవిలో మా ఊళ్ళో పశువుల కొట్టం పడగొడుతుంటే, దూలానికి కొట్టిన మేకుకు ఒక దోసెల పెనం వేలాడుతూ కనిపించింది. మేస్త్రీ దాన్ని దించి, తుప్పు రాల్చి, "ఎనుముల కొట్టంలో దోసెలు ఎవురు పోసుకున్నారు మా?" అని అడిగాడు. మా చిన్నాయన నావైపు చూశాడు. మా అమ్మ ఆకాశంవైపు చూసింది. నేను ముందుకు వచ్చి "అది నాదే" అని పెనం తీసుకున్నాను. కుప్పంలో పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, స్టాఫ్‌రూములో మాత్రం నోరు విప్పని మనిషిని నేను. నలుగురి ముందు నాదని చెప్పుకున్న మొదటి ఆస్తి ఆ పెనమే.

మా ఊరు పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో బస్సు దిగి మైలు దూరం నడిస్తే వస్తుంది. వేరుశనగ, టమాటా, ఆవుపాలు, వీటి మీద బతికే పన్నెండు ఇళ్ళ వీధి. మా ఇంటి దేవుడు కొండమీది స్వామి కాబట్టి పందిమాంసం ఇంట్లోకి రాదు. ఇంట్లోకి రాదంటే తినరని కాదు, గడప దాటదని. కొట్టం వెనక మూడు రాళ్ళు, వాటి మీద నల్లబడిపోయిన ఒక సత్తు తపేలా, ఒక కొయ్య గరిటె. ఆ సామాను ఏడాది పొడుగునా కొట్టం దూలానికే వేలాడేది, మిగతా గిన్నెలతో దానికి మాటలు లేవు. వండేది మా తాత, చిన్నాయన. ధనియాలు, మిరియాలు, ఎండుకొబ్బరి, ఇన్ని తెల్లగడ్డలు వేసి మసాలా నూరేది మాత్రం మా అవ్వ. నూరిన ముద్దను ఆకులో పెట్టి పెరటిగోడ మీద ఉంచి, ఎవరో పక్షులకు పెట్టినట్టు, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. అది తపేలాలోకి ఎలా పోయిందో ఆమెకు తెలియదు. కాసేపటికి ఇంట్లోనుంచే కేక వేసేది, "ఉప్పు సాల్లేదు, ఇంగొంచెం ఎయ్యండి" అని. చిన్నాయన గోడ అవతలనుంచి, "వాసన సూసినోళ్ళకు పాపం లేదామ్మా?" అని అడిగేవాడు. "గాలికి గడపుంటాదిరా?" అనేది అవ్వ.

మా అమ్మది ఇంకా పెద్ద అమాయకత్వం. ఆ రోజు రెండింతలు రాగిసంగటి కెలికి, "కూలోళ్ళకు" అంటూ కొట్టం వెనక్కి పంపేది. కూలీలెవరూ లేరని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. తిన్నవాళ్ళం ఆకులు పారేసి, బూడిదతో చేతులు రుద్దుకుని, తొట్టి దగ్గర తలకు పోసుకుని, కొత్తగా పుట్టినట్టు ఇంట్లోకి వచ్చేవాళ్ళం. ఎందుకు ఇంతమందీ ఒకేసారి తలంటుకున్నారని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇక పందిని భాగాలు వేయడం గురించి చెప్పాలి. మా వీధిలో మాంసం కొనడం అనేది లేదు, పంచుకోవడమే. గురవయ్య అనే ఆయన రెండు నెలలకొకసారి ఒక నాటుపందిని తెచ్చేవాడు. వరిగడ్డి మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగితే దాని తోలు కొత్త ఇత్తడి చెంబులా ఉండేది. గురవయ్య చింతమొద్దు మీద కొట్టి ముక్కలు చేసేవాడు. ఆ ముక్కలను తాటాకు చాప మీద పన్నెండు కుప్పలుగా వేసేది మా తాత. తక్కెడ ఉండేది కాదు. ప్రతి కుప్పలో ఇంత కండ, ఇంత కొవ్వు, ఇంత తోలు, పక్కటెముక ముక్కలు, కాస్త కార్జం. ఒక కుప్పనుంచి ఒక ముక్క తీసి ఇంకో కుప్పలో వేసి, దూరం జరిగి, కన్ను మూసి చూసి, మళ్ళీ ఆ ముక్కనే వెనక్కి తెచ్చేవాడు. చివరికి ఒకరిని గోడవైపు తిప్పి నిలబెట్టి, ఏదో ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇది ఎవురిది?" అని అడిగేవాడు. కుప్పలు కనిపించని ఆ మనిషి నోటికి వచ్చిన ఇంటి పేరు చెప్పేవాడు. అదే ఆ ఇంటి భాగం. ఏరుకోవడం లేదు, బేరం లేదు. ఊరికి మా తాత సర్పంచీ కాదు, పెద్దగా పొలమూ లేదు. ఆయనకున్న గౌరవం మొత్తం ఆ చాప మీదే ఉండేది.

నేను అప్పుడు మదనపల్లెలో డిగ్రీ మొదటి ఏడాది. హాస్టల్లో నాతో ఎవరూ మాట్లాడరని బాధపడేదాన్ని. నేను కూడా ఎవరితోనూ మాట్లాడడం లేదన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాతగానీ తట్టలేదు. ఆదివారాలు పాతపుస్తకాల బండి దగ్గర నిలబడి ఇంగ్లీషు నవలలు ఏరుకునేదాన్ని. వాటిలో మనుషులు ఎప్పుడూ చాప్స్ తింటుండేవారు. వానలో తడిసి వచ్చి చాప్స్, ఆస్తి పోయాక చాప్స్, ఉత్తరం చదివి కుర్చీలో కూలబడి, కాసేపటికి లేచి మళ్ళీ చాప్స్. చాప్ అంటే ఏమిటో నాకు తెలియదు. తింటే మాత్రం నేనూ ఆ మనుషుల్లా గదిలోకి అడుగుపెట్టగానే నాలుగు మాటలు మాట్లాడగలనని ఒక నమ్మకం. ఒక ఆదివారం అదే బండి మీద అట్టలేని ఇంగ్లీషు వంటల పుస్తకం దొరికింది. అందులో ఒక పంది బొమ్మ, దాని మీద చుక్కల గీతలు, మ్యాపులో జిల్లాల్లాగా. వీపు దగ్గరి జిల్లా పేరు చాప్స్.

వేసవి సెలవులకు ఆ పుస్తకంతో ఊరికి వచ్చి, మూడు రోజులు దాన్ని తాత ముందు తెరుస్తూ మూస్తూ తిరిగాను. నాలుగో రోజు ఆయనే కళ్ళద్దాలు పెట్టుకుని లాక్కున్నాడు.

"ఈ గీతలేంది మా?"

"దొరల సీమలో ఇట్ల కోస్తారంట తాతా."

"అంటే పంది బతికుండంగానే భాగాలు రాసేసినారా? మంచి మనుసులు. మన రిజిస్ట్రాఫీసులో గూడా ఇంత వొద్దిగ్గా గీయరు." ఆయనకు ఆ బొమ్మ చాలా నచ్చింది. కాసేపు చూసి, "నీకు యా భాగం గావాల?" అన్నాడు.

నేను వీపు మీద వేలు పెట్టాను. ఎముక విరగకుండా, అరచేతి మందాన, వరసగా కావాలని ఎలాగో చెప్పాను.

తాత పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు. "అది అందరిదీ గదా మా," అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి పంచెకు తుడుచుకుంటూ, "నువ్వు పుట్టి ఇన్నేండ్లయ్యె, ఒగటీ అడగలా," అన్నాడు. అడగకపోవడం నా గొప్పతనమని అప్పటిదాకా డైరీలో రాసుకుంటూ వచ్చాను. అది అంతకాలం కూడబెట్టి ఒకేసారి వాడుకునే సొమ్మని ఆ రోజు తెలిసింది. సిగ్గరి మనుషులు ఇలాగే వసూలు చేస్తారు.

ఆ వారం గురవయ్య పందిని తెచ్చినప్పుడు, ఇంకా ఎవరూ చాప దగ్గరికి రాకముందే తాత అతని చెవిలో ఏదో చెప్పాడు. గురవయ్య కత్తి దించాడు. "పెద్దాయనా, ఒగ పక్కంతా తీసి పెడితే కుప్పలకు ఎముక సాలదు."

"కొవ్వు కొంచెం ఎక్కువెయ్యి."

అలా ఎడమవైపు పక్కటెముకలన్నీ ఎనిమిది చాప్స్‌గా మారి, ఎరువుల సంచిలో చుట్టుకుని, తాత కండువా కింద మా కొట్టంలోకి వచ్చాయి. ఆయన నడుస్తుంటే ఆ కండువా ఒకవైపు ఉబ్బి ఉంది. దొంగతనం చేతకాని మనిషి దొంగతనం చేస్తే ఎలా ఉంటుందో గోడ పక్కనుంచి చూశాను. సంతోషంతో పరుగెత్తుకుంటూ వెళ్ళి సంచి అందుకున్నాను.

లోతు తపేలాలో చాప్స్ వేయకూడదని, బల్లపరుపు పెనం బాగా కాలాక వేయాలని పుస్తకంలో ఉంది. బల్లపరుపు పెనం మా ఇంట్లో ఒకటే. అవ్వ పెళ్ళైన కొత్తలో కొన్నది, నూనె తాగి తాగి అద్దంలా నునుపెక్కిన దోసెల పెనం. అవ్వ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా దాన్ని గడప దాటించాను. ఫోర్కు లేదు కాబట్టి నా పాత జామెట్రీ బాక్సులోనుంచి డివైడర్ తీసి కడిగి పెట్టుకున్నాను. ఆ రోజు డైరీ పొద్దున్నే రాసేశాను కూడా: "చాప్స్ మెత్తగా, రసంతో, అద్భుతంగా ఉన్నాయి. తాత మెచ్చుకున్నారు."

పుస్తకం రాసినామెకు సీమపంది తెలుసు. మూడేళ్ళు మా చేనిగట్ల మీద తిరిగి కండ బిగించిన నాటుపంది తెలియదు. ఒక పక్కకు ఆరు నిమిషాలు, రెండో పక్కకు ఆరు నిమిషాలు అని ఆమె రాసింది. మొదటి నిమిషంలోనే తోలు ముడుచుకుని చాప్ దొప్పలా లేచింది. రెండో నిమిషంలో కొవ్వు చిట్లి నా చేతి మీద పడింది. ఆరో నిమిషానికి పైన బొగ్గు, లోపల పచ్చి. నేను గడియారం చూసి తిప్పాను. పుస్తకం మీద అంత గౌరవం నాకు. టమాటా ముక్కలు పక్కన పేర్చి, ఆకులో పెట్టి తాతకు ఇచ్చి, డివైడర్ చేతికి అందించాను.

తాత డివైడర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. ముందు పళ్ళతో లాగాడు. పక్కపళ్ళతో లాగాడు. "బాగుండాది మా," అన్నాడు, ముక్క బుగ్గలో పెట్టుకుని. అరగంట తర్వాత కూడా ఆ బుగ్గ అలాగే ఉంది. చిన్నాయన మాత్రం ఒకసారి కొరికి, "దీన్ని పారెయ్యొద్దు పాపా, నా చెప్పుకు సోల్ పొయ్యుండాది," అన్నాడు.

పారేశాం. అక్కడే అసలు తప్పు జరిగింది. కొట్టం వెనక పారేసిన చాప్‌ను మా కుక్క నోట కరుచుకుని, జానెడు ఎముక అటూ ఇటూ ఊగుతుండగా, వీధంతా నడిచి వెళ్ళి చెంగమ్మత్త వాకిట్లో కూర్చుంది. చెంగమ్మత్త మొగుడు పోయాక తన భాగం తనే వచ్చి తీసుకునే మనిషి. తాతకు వరసకు కోడలు. తన కుప్పలో వేలెడు ఎముక కూడా లేదని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్న మనిషి. కుక్కను చూసింది. కుక్క వచ్చిన దారిని చూసింది. సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరూ క్యాన్లతో నిలబడి ఉండగా, తాతను చాలా మర్యాదగా అడిగింది:

"ఏం మామా, ఈ తూరి పందికి ఒగ పక్కే ఎముకలా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. తాత పాలు పోసి ఇంటికి వచ్చాడు. ఆ మరునాటినుంచి పాలకేంద్రానికి చిన్నాయనను పంపాడు. మర్నాడే అవ్వ దోసెలకని పెనం వెతికి, కొట్టం వెనక దాన్ని చూసి, "ఆడే ఉండనీ," అన్న ఒక్క మాటతో దానికి ఇంటితో తెగదెంపులు చేసింది. తపేలా పక్కన ఇంకో మేకు పడింది. రుబ్బిన పిండి ఊరికే పోకుండా ఆ నెలంతా పొంగణాలే తిన్నాం. ప్రతి పొంగణం నావైపే చూస్తున్నట్టు ఉండేది.

ఈలోగా చిన్నాయన ఒక మాట మోసుకొచ్చాడు. వచ్చే తడవ అంగడి మునిరత్నం తక్కెడ తెస్తాడట. "మంచిదే గదా," అన్నాడు తాత. అని, పొద్దుగూకేదాకా ఎద్దుల తాడు ఒకటే విప్పి మళ్ళీ పేనుతూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కంటితో పంచిన మనిషి ముందు తక్కెడ పెట్టడమంటే ఏమిటో నాకు అర్థమైంది. తప్పు నాదని వీధిలో చెప్పాలనుకున్నాను. డైరీలో నాలుగు పేజీలు చెప్పాను. నోటితో ఒక్క మాట కూడా చెప్పలేదు.

వానలకు ముందు గురవయ్య మళ్ళీ వచ్చాడు. పొద్దున్నే తాత నన్ను కొట్టంలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఈ పొద్దు గోడకు తిరిగి పేర్లు నువ్వు చెప్పల్ల," అన్నాడు. "ఒగ కుప్పలో ఎముక ఎయ్యను. తోలు, కొవ్వు, అంతే. దాని మింద కర్ర పెట్టినప్పుడు దగ్గుతా. మన పేరు చెప్పు. వాళ్ళది వాళ్ళకు పోవాల గదా."

ఒక మోసాన్ని ఇంకో మోసంతో తీర్చాలన్నది ఆయన పథకం. బయటికి ఒప్పుకుంటే మనవరాలి పేరు వీధిలోకి వస్తుంది. ఒప్పుకోకపోతే బాకీ ఉండిపోతుంది. నేను తల ఊపాను. మా ఇద్దరిలో ఎవరికీ మోసం చేసిన అనుభవం లేదన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.

చాప చుట్టూ వీధంతా చేరింది. మునిరత్నం తక్కెడను గోనెపట్టా మీద పెట్టి, దానివైపు చూడకుండా నిలబడ్డాడు. తాత కుప్పలు వేశాడు. నేను గోడవైపు తిరిగాను. నా వీపు వెనక పదిహేనుమంది. నా జన్మలో అంతమంది నా మాట కోసం ఎదురుచూడడం అదే మొదలు. కాల్చిన వరిగడ్డి ఇంకా పొగ చిమ్ముతోంది. అప్పుడే గాలి తిరిగింది.

"ఇది ఎవురిది?" అన్నాడు తాత, మొదటి కుప్ప మీద కర్ర పెట్టి. వెంటనే దగ్గాడు.

"నారాయణప్ప," అన్నాను నేను.

మాది అని చెప్తే సరిపోయేది. కంగారులో తాతను పేరు పెట్టి పిలిచాను, అది కూడా వీధి వీధంతా వినేలా. ఆడపిల్ల గొంతు ఇంత పెద్దదా అని అందరూ ఒక్క క్షణం ఆశ్చర్యపోయి ఉంటారు. వెనకనుంచి తాత గొంతు వినిపించింది, దీనంగా:

"ఇది ఆ దగ్గు కాదు మా, పొగ."

నేను వెనక్కి తిరిగాను. కర్ర కింద ఉన్నది ఎముక లేని కుప్ప కాదు. పన్నెండింటిలోకీ మంచి కుప్ప. చెంగమ్మత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగింది:

"ఆ దగ్గు అంటే యా దగ్గు మామా?"

తాత కర్ర కింద పెట్టాడు. అప్పుడు నా నోటినుంచి మాటలు వచ్చాయి. ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. పుస్తకం, చుక్కల గీతలు, ఎనిమిది ముక్కలు, ఎరువుల సంచి, డివైడర్, ఎముక లేని కుప్ప, దగ్గు, అన్నీ వరసగా చెప్పేశాను. తాత ఏమీ అడగలేదని, అడిగింది నేనేనని చెప్పాను. డివైడర్ సంగతి ఎవరికీ అవసరం లేదు, అయినా చెప్పాను. మొదట గురవయ్య నవ్వాడు. తర్వాత వీధంతా నవ్వింది. మునిరత్నం ఎముక లేని కుప్పను వెతికి పట్టుకుని, "ఇదిగోప్పా, ఇదీ నారాయణప్పన్న దగ్గుకు మందు," అని అందరికీ చూపించాడు.

చెంగమ్మత్త మాత్రం నవ్వు ఆపుకుని, మునిరత్నంతో అంది: "ఆ తక్కెడ ఎత్తుకోని పోప్పా. దొంగతనం చేస్తే కండువాలో కనపడతాది, అబద్ధమాడితే దగ్గులో తెలిసిపోతాది. ఇంతకంటే నమ్మకమైన మనిషిని యాడ తెస్తాం పంచేదానికి?"

తక్కెడ అంగడికి వెళ్ళిపోయింది. తాత పన్నెండు కుప్పలనూ కలిపేసి మళ్ళీ మొదటినుంచి వేశాడు. కన్ను తప్పలేదు. నన్ను మళ్ళీ గోడకు తిప్పారు. ఈసారి ఆయన దగ్గలేదు. మాకు వచ్చిన కుప్పలో రెండే ఎముకలు, అందరికీ వచ్చినట్టే. చెంగమ్మత్త పోతూ పోతూ నా దగ్గర ఆగి, "ముందు తపేలాలో ఉప్పు, పసుపు ఏసి మెత్తగా ఉడికించు పాపా. ఆమీటికి నీ పెనం మింద ఎయ్యి. నమిలే పళ్ళు ముసిలోళ్ళవి, పుస్తకానివి కాదు," అంది. ఆ సాయంత్రం అలాగే చేశాను. రెండు ముక్కల్లో ఒకటి తాత తిన్నాడు. బుగ్గలో ఏమీ మిగల్లేదు. ఆ రోజు డైరీని తిన్న తర్వాతే రాశాను, రెండు వాక్యాలు.

తాత పోయాక చాప మీద కుప్పలు వేసేవాళ్ళు లేరు. మునిరత్నం తక్కెడే వచ్చింది, తర్వాత గురవయ్య రావడం మానుకున్నాడు. ఇప్పుడు కుప్పంలో మా ఇంటికి రెండు వీధుల అవతల పందిమాంసం అంగడి ఉంది. సీమపంది, తెల్లటిది, అద్దం వెనక వరసగా వేలాడుతుంది. చుక్కల గీతలు గీసినట్టే కోస్తారు. "యా ముక్క గావాల మేడమ్?" అని అడుగుతాడు అంగడాయన. డబ్బిస్తే ఎనిమిదికి ఎనిమిదీ తీసుకోవచ్చు, కండువా కప్పుకోనక్కర్లేదు. నేను మాత్రం మంచి ముక్క మీద వేలు పెట్టినప్పుడల్లా, మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళు నా వెనక నిలబడినట్టు ఉంటుంది. అందుకే రెండు మంచివి అడిగి, మూడోది కొవ్వుది వేయమంటాను. ఆయన నన్ను బేరం తెలియని మనిషి కింద లెక్కేసుకున్నాడు. నిజమే, అంగడిలో ఏరుకోవడం నేను నేర్చుకోలేదు.

ఆ పెనాన్ని పుంగనూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కుప్పం తెచ్చాను. ఇటుకపొడితో రెండు రోజులు తోమి, వారం నూనె పట్టిస్తే నునుపు తేలింది. పోయిన ఆదివారం అమ్మ వచ్చి ఉంది. ఆమె ఇప్పటికీ తినదు. కానీ రాగిసంగటి కెలికి, "ఎవురైనా కూలోళ్ళు వస్తే ఉంటాది," అని వంటింటి గుమ్మంలో పెట్టి, గడపకు అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను మెత్తగా ఉడికిన చాప్స్‌ను పెనం మీద వేశాను. కొవ్వు చుర్రుమంది. పొగ లేచింది. నాకు దగ్గు వచ్చింది.

గడప అవతలనుంచి అమ్మ అడిగింది, "ఎవురి పేరు చెప్పల్ల?"

నేను పొయ్యివైపు తిరిగే ఉన్నాను. వెనక ఎవరున్నారో చూడకుండా, వీధికి వినిపించేంత గట్టిగా, "నారాయణప్ప," అన్నాను.